అబ్రహం వాల్డ్ అంటే ఆ విమానం బొమ్మ ఒక్కటేనా?

అడిగిన ప్రశ్న ఇది: "యుద్ధం నుంచి తిరిగొచ్చిన విమానాల మీద గుళ్ల రంధ్రాలు చూసి, రంధ్రాలు లేని చోటే రక్షణ పెంచమన్న అబ్రహం వాల్డ్ నిజంగా ఉన్నాడా? ఆ కథ తప్ప ఆయన చేసింది ఇంకేమైనా ఉందా?"

ఉన్నాడండీ. రెండో ప్రపంచ యుద్ధ కాలపు గణిత, స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త. రంధ్రాలు లేని చోట దెబ్బ తగిలిన విమానాలు అసలు తిరిగే రాలేదు, అందుకే అక్కడ రక్షణ కావాలన్నది ఆ కథలో కిటుకు. ఆ కథ ఆయన చేసిన పనిలో ఒక మూల మాత్రమే. నేను స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి చాలా ఏళ్లు ఒక ఫ్యూజుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేశాను. అక్కడ నేను తిన్న తిండి సగం వాల్డ్ పెట్టిన భిక్షే. అందుకే ఎవరైనా ఆయన్ని ఒక్క విమానం బొమ్మకి కుదించేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ముందు ఆ బొమ్మ సంగతి తేల్చేద్దాం. రెక్కల మీద, తోక మీద ఎర్ర చుక్కలున్న ఆ విమానం బొమ్మ వాల్డ్ గీసింది కాదు. ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు ఎవరో ఉదాహరణ కోసం తయారుచేసింది. సైన్యాధికారులంతా బల్ల చుట్టూ కూర్చుని ఉంటే ఈయన లేచి "మీరంతా తప్పు చోట చూస్తున్నారు" అని అందరి నోళ్లూ మూయించిన సీన్ కూడా కల్పనే. నిజంగా ఉన్నది 1943లో కొలంబియా యూనివర్సిటీలోని స్టాటిస్టికల్ రీసెర్చ్ గ్రూప్ (యుద్ధం పనులకి లెక్కలు కట్టిన బృందం) కోసం ఆయన వరసగా రాసిన మెమోలు. వాటిని 1980లో అమెరికా నౌకాదళానికి పరిశోధనలు చేసే సెంటర్ ఫర్ నేవల్ ఎనాలిసెస్ మళ్లీ అచ్చువేసింది. తెరిచి చూస్తే బొమ్మలూ డైలాగులూ ఉండవు, పేజీల నిండా సమీకరణాలే.

అందులో ఆయన లెక్క కోసం తీసుకున్న ఉదాహరణ ఒకటి చెబుతాను, ఎందుకంటే కథ చెప్పే వాళ్లెవరూ ఇది చెప్పరు. 400 విమానాలు వెళ్లాయి, 380 తిరిగొచ్చాయి అనుకుందాం. తిరిగొచ్చిన వాటిలో 320కి ఒక్క దెబ్బ కూడా తగల్లేదు. 32కి ఒక దెబ్బ, 20కి రెండు, 4కి మూడు, 2కి నాలుగు, ఇంకో 2కి ఐదు. పడిపోయిన 20 విమానాలకి ఎన్నేసి తగిలాయో చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. దెబ్బ తగలని విమానం తప్పకుండా తిరిగొస్తుందనీ, ప్రతి దెబ్బకీ పడిపోయే అవకాశం ఒకేలా ఉంటుందనీ అనుకుంటే, ఒక దెబ్బ తిని కూడా ఎగరగలిగే అవకాశం 0.851 అని తేలుతుంది. సరిచూడటం చాలా తేలిక. ఒక దెబ్బతో వచ్చిన 32ని 0.851తో భాగిస్తే 37.6. రెండు దెబ్బలతో వచ్చిన 20ని దాంతోనే రెండుసార్లు భాగిస్తే 27.6. అలాగే మిగతావి 6.5, 3.8, 4.5. అన్నీ కూడితే 80. దెబ్బలతో తిరిగొచ్చిన 60, అసలు రాని 20, కలిపితే అదే 80. కళ్ల ముందు లేని విమానాలకి లెక్కలో చోటు ఎలా దొరికిందో చూశారా? ఇంజన్‌కి తగిలితే ఎంత ప్రమాదం, ఇంధనం వ్యవస్థకి తగిలితే ఎంత అనేది ఆ తర్వాత ఇదే దారిలో విడదీసుకుంటూ వెళ్లాడు. "రంధ్రాలు లేని చోట రేకు వేయండి" అన్న ఒక్క ముక్క ఎవరైనా చురుకైన కుర్రాడు కూడా చెప్పగలడు. ఒక దెబ్బకి నూటికి 15 పడిపోతాయని లెక్క కట్టడం మాత్రం ఆషామాషీ కాదు.

మోటివేషన్ స్పీకర్లు ఈ కథని పట్టుకుని వ్యాపారంలో గెలుపు దాకా లాక్కెళ్తారు. వాళ్లలో ఒక్కరు కూడా ఆ 0.851 దాకా వెళ్లడం నేను చూడలేదు. సరే, అది వదిలేద్దాం.

నా దృష్టిలో వాల్డ్ చేసిన అతి గొప్ప పని సీక్వెన్షియల్ ఎనాలిసిస్. అంటే ఎన్ని పరీక్షలు చేయాలో ముందే ఖాయం చేసుకోకుండా, ఒక్కో ఫలితం వచ్చాక ఆపాలా, కొనసాగించాలా అని చూసుకుంటూ వెళ్లడం. అదేమిటో పుస్తకంలో కంటే మా టెస్ట్ బెంచి దగ్గరే బాగా అర్థమవుతుంది.

మేం చేసే ఫ్యూజుకి ఒక పరీక్ష ఉంటుంది. దాని మీద రాసిన ఆంపియర్లకి 1.6 రెట్లు కరెంటు పంపితే గంట లోపు ఎగిరిపోవాలి. 32 ఆంపియర్ల ఫ్యూజయితే 51.2 ఆంపియర్లు పంపి, గడియారం చూస్తూ కూర్చోవాలి. ఒక్కో ముక్కకి ముప్పావు గంట పట్టొచ్చు, గంటా పట్టొచ్చు. పాసైన ఫ్యూజు ఎగిరిపోయిన ఫ్యూజే కాబట్టి అమ్మడానికి పనికిరాదు. అంటే పరీక్ష చేసిన ప్రతి ముక్కా నష్టమే, పైగా గంట కాలం పోతుంది, పైగా బెంచీలు తక్కువ. పాత పద్ధతిలో లాటుకి (అంటే ఒక విడతగా తయారైన సరుకుకి) 65 ముక్కలు తీసి పరీక్షించేవాళ్లు, అందులో మూడు దాకా ఫెయిలైనా లాటు పాస్, నాలుగైతే రిజెక్ట్. నూటికి 2 లోపముంటే మంచి లాటు, 10 ఉంటే చెడ్డ లాటు అనుకుంటే ఆ ప్లాన్ సరైనదే. మంచి లాటుని పొరపాటున తిప్పికొట్టే ప్రమాదం సుమారు 5 శాతం, చెడ్డదాన్ని వదిలేసే ప్రమాదం 10 శాతం.

అవే 2, అవే 10, అవే ప్రమాదాలతో నేను వాల్డ్ పద్ధతిలో గ్రాఫ్ కాగితం మీద రెండు గీతలు గీసి బెంచి పక్కన గోడకి అంటించాను. అడ్డంగా పరీక్షించిన ముక్కలు, నిలువుగా ఫెయిలైనవి. మంచి ముక్క వస్తే పెన్సిల్ కుడికి ఒక గడి జరుగుతుంది, చెడ్డది వస్తే కుడికి జరిగి పైకి కూడా ఒక గడి ఎక్కుతుంది. కింది గీత తగిలితే లాటు పాస్, పై గీత తగిలితే రిజెక్ట్, రెండిటి మధ్యా ఉంటే ఇంకో ముక్క పెట్టాలి. ఒక్కటి కూడా ఫెయిల్ కాకపోతే 27వ ముక్కకే కింది గీత వచ్చేస్తుంది. 65 ఎక్కడ, 27 ఎక్కడ! ఒకటి ఫెయిలైతే 47 దాకా వెళ్లాలి. 25 దాటకుండా మూడు ఫెయిలైతే అక్కడితో రిజెక్ట్. ఐదు లోపల రెండు ఫెయిలైనా అంతే. సగటున సగం దాకా పరీక్షలు మిగులుతాయని వాల్డ్ చెప్పిన మాట మా రిజిస్టర్‌లో కళ్లకి కట్టినట్టు కనిపించింది.

మొదట్లో అందరికీ నచ్చింది, ఎందుకంటే లాట్లు త్వరగా పాసవుతున్నాయి. గొడవ వచ్చింది రిజెక్ట్ అయినప్పుడు. ఒక పెద్ద ఆర్డరు పొద్దున్నే వెళ్లాలి. రాత్రి షిఫ్టు. మొదటి పది ముక్కల్లోనే ఒకటి గంట దాటినా ఎగరలేదు. చేత్తో తాకలేనంత వేడెక్కింది కానీ లోపల తీగ అలాగే ఉంది. కాసేపటికి ఇంకొకటి. 25 ఇంకా రాలేదు, మూడోది కూడా అలాగే. పెన్సిల్ పై గీత దాటింది. నేను రిజెక్ట్ స్లిప్పు రాశాను.

ప్రొడక్షన్ మేనేజర్ గారు పరుగెత్తుకుంటూ వచ్చారు. "ఏంటమ్మా, పాత ప్లాన్‌లో 65కి మూడు దాకా ఓకే కదా? మిగతా నలభై కూడా పెట్టండి, అన్నీ మంచివే రావచ్చుగా!"

"పాత ప్లాన్ వాడాలంటే లాటు తెరవక ముందే చెప్పాలి సార్. పెన్సిల్ ఎటు పోతోందో చూశాక ప్లాన్ మార్చడానికి లేదు" అన్నాను. ఆయనకి చాలా కోపం వచ్చింది. నా ఉద్యోగం గురించి కూడా నాలుగు మాటలు అన్నారు. ఆ రాత్రి టెన్షన్ ఇంతా అంతా కాదు, చేతులు వణుకుతూనే ఉన్నాయి, అయినా సంతకం మార్చలేదు. ఆ సమయంలో నాకు అండ ఆ కాగితం మీద ముందే గీసి ఉన్న రెండు గీతలే.

ఫెయిలైన మూడింటినీ కోసి చూశాం. రాగి రేకు మధ్యలో ఉండాల్సిన తగరపు చుక్క మూడిట్లోనూ లేదు. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి, తగరం 232కే కరుగుతుంది. కరెంటు కొంచెమే ఎక్కువైనప్పుడు ముందు ఆ చుక్క కరిగి, పక్కనున్న రాగిని తనలోకి లాక్కుని రేకుని తెంపుతుంది. ఆ చుక్క లేకపోతే షార్ట్ సర్క్యూట్‌కి ఫ్యూజు ఎగురుతుంది కానీ, నిదానంగా పెరిగే ఓవర్‌లోడ్‌కి ఎగరదు, ఈలోగా వైరు కాలిపోతుంది. ఒక ట్రే రేకులు చుక్క పెట్టకుండానే ముందుకి వెళ్లిపోయి, బాగున్న వాటితో కలిసిపోయాయి. బయట నుంచి చూస్తే ఏ తేడా తెలియదు. ఆ లాటు ఎవరి ఇంటికీ వెళ్లలేదు, నాకు అది చాలు.

ఇప్పుడు ఈ పద్ధతి ఎలా పుట్టిందో చూడండి. 1943లో నౌకాదళ అధికారి ఒకాయన ఆ రీసెర్చ్ గ్రూప్‌లోని ఆలెన్ వాలిస్‌తో ఒక మాట అన్నాడు. వేల గుండ్లు పేల్చి చూడమని మీరు ప్లాన్ ఇస్తారు, అనుభవమున్న అధికారి అయితే అందులో కొన్ని పేల్చగానే ఇక అక్కర్లేదని చెప్పేస్తాడు, అని. వాలిస్, మిల్టన్ ఫ్రీడ్మన్ (అవును, తర్వాత 1976లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ తీసుకున్న ఆయనే) దాని మీద తలలు బద్దలు కొట్టుకుని, చివరికి వాల్డ్ దగ్గరికి తీసుకెళ్లారు. మొదట వాల్డ్ పెద్దగా ఆసక్తి చూపించలేదు. మర్నాడు ఫోన్ చేసి ఇందులో విషయం ఉంది కానీ ఇలాంటి పరీక్షలకి పదును (తేడాని పట్టుకునే శక్తి) తక్కువేమో అన్నాడు. ఆ మర్నాడు మళ్లీ ఫోన్ చేసి, అలాంటి పరీక్షలు ఉన్నాయి, పదును ఎక్కువే, ఎలా తయారు చేయాలో కూడా చెబుతాను అన్నాడు. ఇది వాలిస్ స్వయంగా తర్వాత రాసిన సంగతి. యుద్ధం కాబట్టి ఆ నివేదికని 1945 దాకా రహస్యంగా ఉంచారు, 1947లో పుస్తకంగా వచ్చింది. 1948లో వాల్డ్, ఆయన తోటి స్టాటిస్టీషియన్ వుల్ఫోవిట్జ్ కలిసి సగటున ఇంతకంటే తక్కువ పరీక్షలతో అదే భరోసా ఇచ్చే పద్ధతి ఉండదని నిరూపించేశారు. ఇంగ్లండ్‌లో బార్నార్డ్ అనే స్టాటిస్టీషియన్ కూడా దాదాపు అదే సమయంలో విడిగా ఈ దారిలోకే వచ్చాడు.

మనవాళ్లు తెలుసుకోవాల్సిన ముక్క ఒకటుంది. తన పద్ధతికి ముందున్న ఆలోచనల్లో ఒకటిగా వాల్డ్ మన దేశపు స్టాటిస్టీషియన్ మహలనోబిస్ పనిని చెప్పాడు. బెంగాల్‌లో జనపనార ఎంత విస్తీర్ణంలో వేశారో అంచనా కట్టడానికి మహలనోబిస్ ఒకేసారి పెద్ద సర్వే చేయకుండా, చిన్నచిన్న సర్వేలు చేసి, వాటిలో తెలిసిన దాన్ని బట్టి తర్వాతి సర్వే ఎలా ఉండాలో నిర్ణయించాడు. అలాగే స్టాటిస్టిక్స్ విద్యార్థులు బట్టీపట్టే ముగ్గురన్నదమ్ముల లాంటి మూడు టెస్టుల్లో ఒకటి వాల్డ్‌ది, 1943. ఇంకొకటి మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన స్టాటిస్టీషియన్ సి.ఆర్. రావు గారిది, 1948. రావు గారి గురించి మనవాళ్లు బిరుదులు, బహుమతులు ఏకరువు పెడతారు. ఆయన స్కోర్ టెస్ట్ వాల్డ్ టెస్ట్‌కి పక్కన ఎందుకు నిలబడిందో తెలుగులో నాలుగు పేజీలు రాసిన వాళ్లు మాత్రం నాకు కనిపించలేదు. ఇది నాకు చాలా కాలంగా ఉన్న బాధ.

ఇక ఆయన జీవితం. 1902 అక్టోబర్ 31న కొలోజ్‌వార్‌లో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా-హంగరీ, ఇప్పుడు రొమేనియాలోని క్లూజ్. నిష్ఠగల యూదు కుటుంబం. శనివారం బడి ఉండటం వల్ల బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు. క్లూజ్‌లో డిగ్రీ అయ్యాక వియన్నా వెళ్లి గణితవేత్త కార్ల్ మెంగర్ దగ్గర 1931లో డాక్టరేట్ చేశాడు, అదీ శుద్ధ జ్యామితిలో. అంత తెలివైన వాడికి యూదుడైన పాపానికి యూనివర్సిటీలో ఉద్యోగం దొరకలేదు. మెంగరే కార్ల్ ష్లెసింగర్ అనే బ్యాంకర్‌కి లెక్కలు చెప్పే పని ఇప్పించాడు. ఆర్థికశాస్త్రంలోకి వాల్డ్ అడుగుపెట్టింది ఆ ట్యూషన్ గుమ్మం లోంచే.

ష్లెసింగర్‌కి ఒక పట్టుదల ఉండేది. మార్కెట్‌లో అన్ని సరుకుల ధరలూ ఒకేసారి కుదురుకుంటాయని ఆర్థికవేత్త వాల్రాస్ రాసిన సమీకరణాలకి నిజంగా జవాబు ఉందా? అప్పటిదాకా అందరూ "సమీకరణాలెన్నో, తెలియని సంఖ్యలూ అన్నే, కాబట్టి జవాబు ఉంటుంది" అని సరిపెట్టుకున్నారు. అది సరిపోదు. ఒక సంఖ్య వర్గానికి ఒకటి కలిపితే సున్నా రావాలి అన్నది ఒక సమీకరణం, తెలియని సంఖ్యా ఒకటే, కానీ మామూలు సంఖ్యల్లో జవాబే లేదు. ధరల లెక్కలో మైనస్ ధర వస్తే దాన్ని ఏం చేసుకుంటాం? వాల్డ్ 1935, 1936ల్లో మెంగర్ నడిపిన గోష్ఠిలో, ఏ షరతుల కింద జవాబు తప్పకుండా ఉంటుందో, ఒక్కటే ఉంటుందో నిరూపించి చూపించాడు. అలాంటి నిరూపణ అదే మొదటిది. 1954లో ఆరో, డెబ్రూ అనే ఆర్థికవేత్తలు దాన్ని ఇంకా విశాలమైన పద్ధతిలో తేల్చారు, ఇద్దరికీ వేరువేరు ఏళ్లలో నోబెల్ వచ్చింది. ఆర్థికశాస్త్రానికి ఆ బహుమతి మొదలైందే 1969లో, అప్పటికి వాల్డ్ పోయి దాదాపు ఇరవై ఏళ్లు. ఆయన పేరు ఎకనామిక్స్ విద్యార్థులకి ఒక ఫుట్‌నోట్‌లో తప్ప తగలదు. ఇది అన్యాయం అని నేను ఎక్కడైనా గట్టిగా చెబుతాను.

ఆ రోజుల్లోనే ఆర్థికవేత్త మోర్గెన్‌స్టర్న్ నడిపే సంస్థలో చేరి, ఆర్థిక లెక్కల్లోంచి రుతువుల ప్రభావాన్ని తీసేయడం ఎలా అన్న దాని మీద 1936లో పుస్తకం రాశాడు. 1938 మార్చిలో హిట్లర్ సేనలు ఆస్ట్రియాలోకి వచ్చాయి. ఆ రోజే ష్లెసింగర్ ప్రాణం తీసుకున్నాడు. వాల్డ్ ఉద్యోగం పోయింది. అమెరికాలోని కౌల్స్ కమిషన్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ పిలవడంతో ఆ వేసవిలో బయటపడ్డాడు, ఆ తర్వాత కొలంబియాలో స్టాటిస్టీషియన్ హోటలింగ్ దగ్గర చేరాడు. ఐరోపాలో ఉండిపోయిన కుటుంబంలో ఒక్క సోదరుడు తప్ప దాదాపు అందరినీ నాజీలు చంపేశారు. నాజీల వల్ల ఆయన దేశమే వదలాల్సి వచ్చిందని తెలిశాక ఆ విమానాల మెమోలు చదివితే, ఆయన ఎందుకంత పట్టుగా కూర్చుని లెక్కలు కట్టాడో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు అనిపిస్తుంది.

1950లో నిర్ణయాల సిద్ధాంతం మీద ఆయన రెండో పెద్ద పుస్తకం వచ్చింది. అదే ఏడాది చివర్లో మన ప్రభుత్వం పిలిస్తే భార్య లూసిల్‌తో కలిసి ఉపన్యాసాలకి మన దేశం వచ్చాడు. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాడు, జనవరిలో బెంగళూరు సైన్స్ కాంగ్రెస్‌కి వెళ్లాల్సి ఉంది. డిసెంబర్ 13న వాళ్లెక్కిన ఎయిర్ ఇండియా విమానం నీలగిరి కొండల్లో కూలింది. ఇద్దరూ పోయారు. ఆయనకి 48 ఏళ్లు. అమెరికాలో ఇద్దరు చిన్నపిల్లలు మిగిలారు. వాళ్లలో అబ్బాయి రాబర్ట్ వాల్డ్ తర్వాత షికాగో యూనివర్సిటీలో సాపేక్షతా సిద్ధాంతంలో పేరున్న భౌతికశాస్త్రవేత్త అయ్యాడు. "విమానాల లెక్కలు కట్టినవాడు విమానంలోనే పోయాడు" అని కొందరు విధి రాత అంటూ కవిత్వం చెబుతారు, నాకు అది వినడానికి కూడా ఇష్టం ఉండదు. నలభై ఎనిమిదేళ్లకి, చేతి నిండా పని ఉన్న మనిషి పోయాడు, అంతే. మిగిలిన ఇరవై, ముప్పై ఏళ్లలో ఏం చేసి ఉండేవాడో ఆలోచిస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఆయన పద్ధతి ఇప్పుడు ఎక్కడుందని అడిగితే, మీరు వేసుకున్న టీకాల్లో ఉంది. మందుల ట్రయల్స్‌లో అందరి ఫలితాలూ వచ్చేదాకా ఆగకుండా, మధ్యలో ముందే చెప్పిన చోట్ల ఆగి చూసి, మందు బాగా పనిచేస్తోందని గానీ, హాని చేస్తోందని గానీ తేలితే అక్కడే ఆపే ఏర్పాటు ఉంటుంది. దాని మూలం వాల్డే. 2020లో టీకాల వార్తలప్పుడు "ట్రయల్ పూర్తి కాకుండానే ఫలితం ఎలా చెప్పారు" అని చదువుకున్న వాళ్లు కూడా అనుమానపడ్డారు. ఎక్కడ ఆగి చూడాలో ముందే రాసిపెట్టుకుంటే అది మోసం కాదు. రోజూ తొంగి చూసి, మనకి నచ్చిన అంకె కనబడ్డ రోజున ఆపేస్తే మోసం. ఇప్పుడు యాప్‌లు చేసే కంపెనీల్లో రెండు డిజైన్లు పోల్చేటప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది ఈ రెండోదే. మామూలు టెస్టు పెట్టుకుని గంటకోసారి చూస్తారు, కావాల్సిన అంకె రాగానే గెలిచామంటారు. మా మేనేజర్ గారు ఆ రాత్రి అడిగింది కూడా అలాంటిదే, కాకపోతే ఆయన ఆపమనలేదు, కొనసాగించమన్నారు.

మీకు నిజంగా ఆసక్తి ఉంటే ఆ 1947 పుస్తకం చదవండి. అంత ఓపిక లేకపోతే నేను వాడిన గీతలే గీసి చూడండి. కింది గీత నిలువు అక్షం మీద మైనస్ 1.33 దగ్గర మొదలవుతుంది, పైది 1.71 దగ్గర. రెండూ ప్రతి 20 ముక్కలకీ ఒక గడి చొప్పున పైకి ఎక్కుతాయి. డబ్బాలో మొత్తం వంద పూసలు, అందులో పది నల్లవి ఉండేలా వేసి (నల్లదంటే ఫెయిలైన ముక్క), ఒక్కోటి తీసి చూసి మళ్లీ డబ్బాలో వేసేస్తూ ఆడండి. తర్వాత వందలో నల్లవి రెండే ఉండేలా మార్చి ఇంకోసారి ఆడండి.